మోకాలి నొప్పితో స్కీయింగ్‌కి వెళ్తున్నారా? ముందు తొడ సంగతి చూడండి

అందరికీ నమస్కారం. మొదట ఒక చిన్న లెక్క తేల్చుకుందాం. మోకాలి నొప్పి ఉన్నవాళ్ళు చేతులెత్తండి. ఊఁ, సగం పైనే. అది తెలిసి కూడా స్కీయింగ్ టికెట్లు కొనేసినవాళ్ళు? ఎత్తిన చేతులు దిగనే లేదు. (నవ్వులు) సరైన చోటికే వచ్చారు.

నేను ఫిజియోథెరపిస్టుని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇతరుల మోకాళ్ళకి సుద్దులు చెప్పడమే నా వృత్తి. అలాంటి నేను ఏడేళ్ళ కిందట, సెలవులో నాలుగో రోజు, మూడున్నర ప్రాంతంలో ‘ఇంకొక్కసారి దిగొచ్చేద్దాం’ అన్నాను. తొడలు వణుకుతున్నాయని తెలుస్తూనే ఉంది. మంచు మెత్తబడి బురదలా తయారైంది. నా వేగం కూడా ఏమంత కాదు, దాదాపు ఆగిపోబోతున్నాను. వెనక్కి కూలబడ్డాను. జారుతూ జారుతూనే లేవబోయాను. ఎడమ మోకాలి లోపలి వైపు చురుక్కుమంది. ఎంసీఎల్ అనే లిగమెంట్, అంటే మోకాలి లోపలి పక్క ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ, కొంతమేర చిరిగింది. ఆరు వారాలు బ్రేసు వేసుకుని తిరిగాను. నా పేషంట్లు ఎంత మర్యాదస్తులో అప్పుడే తెలిసింది. ‘మాకు చెప్పినవన్నీ ఏమయ్యాయి’ అని ఒక్కరూ అడగలేదు. ఒకాయన మాత్రం నన్ను చూసి చాలాసేపు దగ్గాడు.

మంచం మీద కాలు ఎత్తి పెట్టుకుని పడుకున్నప్పుడు ఆ పడటాన్ని మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకున్నాను. ఎన్నిసార్లు చూసుకున్నా కథ తొడ దగ్గరే మొదలవుతోంది. మోకాలి గురించి మాట్లాడమంటే తొడ అంటున్నాడేమిటి అనుకోకండి. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడితే తప్పుగానీ, తొడకీ మోకాలికీ ముడి పెట్టింది నేను కాదు, పుట్టుకతోనే ఉంది. (నవ్వులు) ఈ పూట నేను చెప్పేదంతా ఆ ముడి గురించే.

కొండ దిగుతున్నప్పుడు మీ బరువుని ఆపుతూ ఉండేది తొడ ముందుభాగంలోని పెద్ద కండరం. మామూలుగా బరువు ఎత్తేటప్పుడు కండరం ముడుచుకుంటుంది. దిగేటప్పుడు అలా కాదు, సాగుతూనే బరువుని పట్టి ఉంచాలి. బావిలోకి చేద వదులుతున్నప్పుడు తాడు చేతిలోంచి జారిపోకుండా బిగబట్టి వదులుతామే, అలాంటి పని. కండరానికి ఇది చాలా ఖరీదైన పని. అలవాటు లేకుండా చేస్తే రెండో రోజు, మూడో రోజు తొడలు పట్టేస్తాయి. ఆ నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య బాగా ముదురుతుంది. ఆదివారం మొదలుపెట్టినవాళ్ళు బుధవారం నాడు మెట్లు దిగలేక రెయిలింగ్ పట్టుకుని దిగడం అందుకే. ఇక్కడిదాకా అందరికీ మామూలే. అయితే తొడ అలా నీరసపడ్డ రోజున, అది ఆపాల్సిన బరువు ఎక్కడికీ పోదు కదా. మోకాలి చిప్ప మీద, లోపలి గుజ్జు మీద, లిగమెంట్ల మీద పడుతుంది. ముందే నొప్పి ఉన్న మోకాలైతే ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

స్కీ బూటు సంగతి కూడా దీనికి కలపాలి. పాత రోజుల్లో బూట్లు పొట్టిగా, మెత్తగా ఉండేవి. పడితే చీలమండ దగ్గరో, మోకాలి కింది ఎముకో విరిగేది. ఎత్తైన గట్టి ప్లాస్టిక్ బూట్లు, బూటుని స్కీకి పట్టి ఉంచి, పడగానే విడిపోయే బైండింగులు వచ్చాక ఆ విరగడాలు బాగా తగ్గాయి. మోకాలికి మాత్రం ఆ అదృష్టం పట్టలేదు. చీలమండని బూటు బిగించేసింది, కాబట్టి కింద స్కీ మెలి తిరిగితే ఆ మెలిక తిన్నగా పైకి, మోకాలి దాకా వస్తుంది.

సరే, మీ నొప్పి ఏ రకం? డాక్టరు చూడకుండా తేల్చే విషయం కాదుగానీ, ఒక గుర్తు చెప్తాను. ‘ఎక్కడ నొప్పి’ అని అడిగితే కొందరు అరచెయ్యి మొత్తం మోకాలి ముందు పెట్టి రుద్దుతారు. మెట్లు దిగితే నొప్పి, ఎక్కువసేపు కూర్చుని లేస్తే నొప్పి. ఇది ఎక్కువగా మోకాలి చిప్ప వెనక ఒత్తిడి. ఇంకొందరు ఒక్క వేలితో కీలు లోపలి పక్కన సరిగ్గా ఒక చోట చూపిస్తారు. మెలి తిరిగితే పొడుస్తుందంటారు, అప్పుడప్పుడు పట్టేస్తుందంటారు. అక్కడ మెనిస్కస్ మీద, అంటే కీల్లో ఎముకల మధ్య మెత్తలా ఉండే దాని మీద, అనుమానం పెట్టుకోవాలి. పొద్దున్న లేవగానే బిగుసుకుని, కాసేపు నడిస్తే వదిలే నొప్పి, వయసు మీద పడుతున్నవాళ్ళలో, మనం గుజ్జు అరిగింది అంటామే, అది. ‘కాలు కింద నుంచి జారిపోయినట్టు ఉంటుంది’ అన్నారంటే మాత్రం నేను ఇక ఏమీ మాట్లాడను. ముందు ఆర్థోపెడిక్ డాక్టరుకి చూపించుకుని ఆ తర్వాతే బ్యాగు సర్దుకోండి.

ముందు వైపు నొప్పివాళ్ళే ఎక్కువ కాబట్టి కొంచెం అక్కడ ఆగుతాను. 1972లో అచ్చయిన ఒక ప్రసిద్ధ లెక్క ఉంది. మామూలుగా నడిచేటప్పుడు మోకాలి చిప్ప వెనక పడే ఒత్తిడి శరీర బరువులో సగం. మెట్లకి 3.3 రెట్లు. లోతుగా గొంతుకూర్చుంటే 7.8 రెట్లు. అంటే మోకాలు ఎంత వంగితే చిప్ప అంతగా నొక్కుకుంటుంది. ఇప్పుడు భయపడ్డ స్కీయర్ని గుర్తు తెచ్చుకోండి. కొండ ఏటవాలు చూడగానే వెనక్కి వాలతాడు, కనపడని కుర్చీలో కూర్చున్నట్టు. బోధకులు దీన్ని ‘బ్యాక్ సీట్’ అంటారు. శరీరం వెనక్కి పోయిందంటే బరువంతా తొడ, మోకాలి చిప్పే మోయాలి. స్కీ కూడా మాట వినదు, ఇంకా భయం, ఇంకా వెనక్కి. కాలి ముందు ఎముక బూటు నాలుకకి ఎప్పుడూ ఆనుకుని ఉండాలి. ఆ స్పర్శ పోయిందంటే మీరు కుర్చీలోకి వెళ్ళిపోయారన్నమాట. మోకాలి నొప్పి ఉన్నవాళ్ళకి నేను ఇచ్చే మొదటి మందు, ఎన్నేళ్ళ అనుభవం ఉన్నా సరే, మొదటి రోజు ఒక గంట పాఠం చెప్పించుకోవడం.

బయల్దేరడానికి ముందు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంటే చాలా చెయ్యొచ్చు. గోడకుర్చీ గుర్తుందా? చిన్నప్పుడు శిక్షగా వేయించేవారు. ఇప్పుడు నేను ఫీజు తీసుకుని వేయిస్తున్నాను. (నవ్వులు) నొప్పి లేనంత ఎత్తులోనే కూర్చోండి, తొడలు నేలకి సమంగా రావాలన్న పట్టుదల వద్దు. 20 సెకన్లతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. దానికన్నా కూడా నాకు ఇష్టమైనది మెట్టు దిగడం. ఒక మెట్టు మీద ఒంటికాలితో నిలబడి, రెండో కాలి మడమ నేలకి తాకేదాకా మెల్లగా, మనసులో నాలుగు లెక్కపెడుతూ దిగండి. తొందరగా దిగితే ఉపయోగం లేదు. చేద వదులుతున్నట్టు అన్నానే, ఆ పనికి ఇదే సాధన. దిగేటప్పుడు మోకాలు లోపలికి ఒరిగిపోతోందేమో అద్దంలో చూసుకోండి. ఒరిగితే పిరుదు కండరం బలహీనం, దానికి వేరే వ్యాయామం కావాలి. తొడ వెనక కండరాన్ని కూడా వదలకండి, మోకాలి నడుమ ఉండే ఏసీఎల్ అనే లిగమెంట్‌కి అదే తోడు. నొప్పి పదికి మూడు దాటకుండా, మర్నాటికి మామూలైపోయేలా ఉంటే ఆ వ్యాయామం మీకు సరిపోయినట్టే.

రేపే ప్రయాణం, వ్యాయామాల సంగతి ఇప్పుడే వింటున్నాం అంటారా, సరే. సామాను దగ్గర కూడా చాలా ఉంది.

అద్దెకి తీసుకునేటప్పుడు ఒక కాగితం నింపమంటారు. బరువు, ఎత్తు, వయసు, ఎంత బాగా చేస్తారు అని అడుగుతారు. వీటితో పాటు బూటు అడుగు పొడవు చూసి బైండింగ్ ఎంత బలానికి విడిపోవాలో బిగిస్తారు. 50 దాటితే ఒక మెట్టు తగ్గించి పెడతారు. ఈ కాగితం మీద మనుషులు రెండు అబద్ధాలు రాస్తారు. బరువు తక్కువ రాస్తారు, ప్రతిభ ఎక్కువ రాస్తారు. మొదటి అబద్ధంతో అక్కర్లేని చోట స్కీ ఊడుతుంది. రెండో అబద్ధంతో ఊడాల్సిన చోట ఊడదు. రెండూ కలిపి రాస్తే ఒకదానికొకటి సరిపోతాయని ఒకాయన నాతో వాదించాడు, లెక్కల మాస్టారట. (నవ్వులు) నిజం రాయండి. ఇంకో మాట, బైండింగ్ ప్రధానంగా కాలి ఎముకని కాపాడటానికి పుట్టింది. మెల్లగా, వెనక్కి మెలితిరిగి పడే పడటాల్లో అది చాలాసార్లు విడిపోదు. నాది విడిపోలేదు.

స్కీల నడుము వెడల్పు, అంటే మధ్యభాగం ఎంత వెడల్పో, అడగండి. తొక్కి చదును చేసిన గట్టి మంచు మీద తిరిగేవాళ్ళకి 75 నుంచి 85 మిల్లీమీటర్లు హాయి. 95, 100 దాటినవి లోతైన కొత్త మంచు కోసం చేసినవి. గట్టి మంచు మీద వాటిని అంచున నిలబెట్టాలంటే ఆ మెలి మోకాలు పడుతుంది. పొడవు కూడా ఒక సైజు తగ్గిస్తే తిప్పడం తేలిక. బూట్లు వదులుగా ఉంటే సుఖం అనుకుంటారు, పొరపాటు. లోపల పాదం జారుతుంటే ప్రతి మలుపుకీ తొడ బిగించాల్సి వస్తుంది.

ఎవరూ చెప్పని చిన్న విషయం ఒకటి, చెయిర్‌లిఫ్ట్, అదే, తీగకి వేలాడే కుర్చీల్లో కొండ పైకి తీసుకెళ్ళేది. బూటు, బైండింగ్, స్కీ కలిపి ఒక్కో కాలికి నాలుగైదు కిలోల దాకా వేలాడుతుంది. పది నిమిషాలు, రోజుకి పదిహేనుసార్లు, చలిలో. మోకాలు లాగేస్తోందని, అది కొండ దిగడం వల్ల అనుకుంటారు. సగం దోషం లిఫ్ట్‌ది. కాళ్ళు పెట్టుకునే కమ్మీ ఉన్న లిఫ్ట్ ఎక్కండి. లేకపోతే నొప్పి ఉన్న కాలి స్కీని రెండో స్కీ మీద ఆనించి కాసేపు బరువు దించండి. వీలున్న చోట గొండోలా, అంటే మూసి ఉన్న గదిలాంటి లిఫ్ట్, ఎక్కండి, అందులో స్కీలు విప్పేసి కూర్చోవచ్చు.

కొండ మీద రోజు ఎలా గడపాలన్నది ఇప్పుడు చెప్తాను, నా అసలు గోల ఇక్కడే. పొద్దున్న మంచు రాత్రే చదును చేసి ఉంటుంది, గీతలు గీతలుగా, నున్నగా. మోకాలికి ఇంతకన్నా మంచి నేల దొరకదు. మధ్యాహ్నానికి అందరూ తొక్కి, కరిగి, గుట్టలు గుట్టలుగా మారుతుంది. స్కీ ఒకచోట జారుతుంది, ఇంకోచోట పట్టేస్తుంది. ఆ పట్టేసిన క్షణంలోనే మెలిక పడేది. అదే సమయానికి తొడా అలిసి ఉంటుంది. అందుకే మీ బలమంతా పొద్దున్నకే ఖర్చు పెట్టండి. మొదటి రెండుసార్లు మీకన్నా ఒక మెట్టు తేలికైన దారిలో దిగండి. దారి ఎంత కష్టమో చెప్పడానికి యూరప్‌లో తేలిక నుంచి కష్టం దాకా ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు అని రంగులుంటాయి, ఉత్తర అమెరికాలో ఎరుపు ఉండదు. పైగా రంగులు ఆ కొండకి ఆ కొండే, ఒకచోటి నీలం ఇంకోచోట భయపెట్టొచ్చు. గుండ్రంగా, నిండు మలుపులు తిరగండి, దారి వెడల్పంతా వాడుకోండి. స్కీల మొనలు దగ్గర చేసి పిజ్జా ముక్కలా పెట్టి కొండంతా బ్రేకు వేసుకుంటూ దిగితే తొడలు మండిపోతాయి, మోకాలి లోపలి పక్క లాగుతుంది. ఎంసీఎల్ దెబ్బలు కొత్తగా నేర్చుకునేవాళ్ళలో ఎక్కువ కనపడటానికి ఇదీ ఒక కారణం.

తొడ అలిసిందని ఎలా తెలుస్తుంది? మండటం ఆలస్యంగా తెలిసే గుర్తు. దానికి ముందే మలుపులు ఆలస్యమవుతాయి, స్కీలు ఎడం ఎడంగా పోతాయి, మాట్లాడటం తగ్గిపోతుంది, ఎక్కడ ఆగుదామా అని చూస్తుంటారు. ఆ గుర్తు కనపడ్డాక ఆ రోజుకి ఇంకొక్కసారి కూడా వద్దు. సాయంత్రం చివరి దిగుడు ఒట్టి మొహమాటం. అందరూ ఒకేసారి దిగే దారి, గుంపు, చీకటి పడుతున్న వెలుగు, చెడిన మంచు. లిఫ్ట్‌లోనే కిందికి దిగి రండి.

పడటం గురించి కూడా చెప్పాలి. అమెరికాలోని వెర్మాంట్‌లో ఎట్లింగర్, జాన్సన్, షీలీ అనే పరిశోధకులు 1970ల నుంచి స్కీయింగ్ గాయాలనే పట్టుకుని కూర్చున్నారు. ఏసీఎల్ తెగే పడటాల వీడియోలు చూసి వాళ్ళు ఒక తీరు పట్టుకున్నారు. మనిషి వెనక్కి పడతాడు, పిరుదులు మోకాళ్ళకన్నా కిందికి వెళ్తాయి, కొండ పై వైపున్న కాలి మీద బరువు ఉండదు, బరువంతా కింది వైపున్న స్కీ తోక లోపలి అంచు మీద. ఆ తోక మడమ వెనక్కి పొడుచుకొచ్చిన ఇంకో పాదంలా పనిచేసి మోకాలిని మెలిపెడుతుంది. దానికి ‘ఫాంటమ్ ఫుట్’ అని పేరు పెట్టారు, దెయ్యం పాదం అనుకోండి. స్కీ రిసార్టుల్లో పనిచేసే గస్తీవాళ్ళకీ బోధకులకీ ఈ తీరు చూపించి, ఏం చేయకూడదో నేర్పితే వాళ్ళలో తీవ్రమైన మోకాలి బెణుకులు 62 శాతం తగ్గాయని 1995లో ప్రచురించారు. నేర్పింది పెద్ద విద్యేం కాదు. వెనక్కి పోతున్నారనిపిస్తే చేతులు ముందుకి చాపండి, పాదాలు దగ్గర చేయండి. పడిపోతే కాళ్ళు చాచేయకండి, మోకాళ్ళు వంచే ఉంచండి. పూర్తిగా ఆగేదాకా లేవడానికి ప్రయత్నించకండి. ఆగడం కోసం కూలబడకండి. నేను ఇందులో రెండు తప్పులు ఒకే నిమిషంలో చేశాను.

సాయంత్రం గదికి వచ్చాక చూడాల్సింది వాపు. నొప్పికన్నా వాపునే నేను ఎక్కువ నమ్ముతాను. ఎందుకంటే కీల్లో నీరు చేరితే, కొంచెమే అయినా సరే, తొడ కండరానికి నరాల నుంచి అందే ఆదేశం మందగిస్తుంది. మీరు ఎంత ధైర్యంగా ఉన్నా తొడ సగం నిద్రలో ఉంటుంది. వాచిన మోకాలితో మర్నాడు కొండెక్కడమంటే కాపలావాడు లేని ఇంటికి తాళం కూడా వేయకుండా పోవడమే. పొద్దున్న లేవగానే రెండు మోకాళ్ళూ పక్కపక్కన పెట్టి చూడండి. చిప్ప పక్కన గుంట రెండు వైపులా ఒకేలా ఉందా? మెట్లు దిగితే నిన్నటికన్నా ఎక్కువ నొప్పి ఉందా? గుంట పూడుకుపోయినా, మెట్ల దగ్గర తేడా కనపడినా ఆ రోజు విశ్రాంతి. మంచులో నడవండి, మోకాలు తేలిగ్గా ఉంటే క్రాస్ కంట్రీ స్కీయింగ్ చేయండి, దాన్లో మడమ విడిగా ఉంటుంది, మెలిక తక్కువ.

వాపు ఉంటే గుడ్డ చుట్టిన ఐసు 15 నిమిషాలు, కాలు ఎత్తులో, సాగే పట్టీ. వాపు ఉన్న మొదటి రెండు రోజులు వేడినీళ్ళ తొట్టిలోకి దిగకండి, ఎంత ఊరించినా. వాపు లేకుండా తొడలు పట్టేసి ఉంటే దిగండి, బాగుంటుంది.

మాత్రల గురించి నా అభిప్రాయం కాస్త కటువు. పొద్దున్నే ఐబుప్రొఫెన్ వేసుకుని కొండెక్కడం అంటే ఫైర్ అలారం తీగ తెంపి నిద్రపోవడం. పైగా ఎత్తైన చోట పొడిగాలికి ఒంట్లో నీరు తగ్గుతుంది, దాహం తెలియదు, ఆ స్థితిలో ఈ రకం మాత్రలు మూత్రపిండాలకి మంచివి కావు. కడుపులో పుండ్లు, బీపీ, కిడ్నీ జబ్బులు, రక్తం పలచబడే మందులు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దు. పైపూతగా రాసే జెల్ చాలామందికి సరిపోతుంది. పారాసెటమాల్ వేసుకుంటే జలుబు మాత్రల్లో కూడా అదే ఉంటుందని గుర్తుంచుకోండి, తెలియకుండా రెండింతలవుతుంది.

ఇక ఆగాల్సిన సందర్భాలు. పడినప్పుడు టప్ మని శబ్దం వినిపించి, రెండు మూడు గంటల్లో మోకాలు ఉబ్బితే లోపల రక్తం చేరిందని, ఏసీఎల్ తెగిందేమోనని అనుకోవాలి. ఇలాంటివాళ్ళలో కొందరికి కాసేపట్లో నొప్పి తగ్గి ‘ఏం కాలేదు’ అనిపిస్తుంది, లేచి స్కీయింగ్ చేసుకుంటూ కిందికి దిగుతారు, దాంతో మెనిస్కస్ కూడా పోవచ్చు. స్కీ గస్తీవాళ్ళని పిలవండి, స్లెడ్జి మీద దింపుతారు, సిగ్గేం లేదు. ఎక్స్‌రే అవసరమా అన్నదానికి అత్యవసర విభాగాల్లో ఒట్టావా నియమం అని ఒకటి వాడతారు. 55 ఏళ్ళు, అంతకు పైబడ్డ వయసు, చిప్ప మీద మాత్రమే నొక్కితే నొప్పి, మోకాలి బయటి పక్క చిన్న ఎముక తల దగ్గర నొప్పి, 90 డిగ్రీలు వంచలేకపోవడం, పడిన వెంటనే, మళ్ళీ ఆస్పత్రిలో కూడా, రెండు చోట్లా నాలుగడుగులు వేయలేకపోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎక్స్‌రే తీస్తారు. మోకాలు పట్టేసి చాచలేకపోయినా, పిక్క వాచి నొప్పి పెట్టినా ఆ రోజే చూపించుకోండి.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పండమ్మా.

(సభలో ఒకరు: మోకాలికి వేసుకునే తొడుగు వేసుకుంటే సరిపోతుందాండీ?)

వెచ్చగా ఉంటుంది, మోకాలు ఎక్కడుందో మెదడుకి గుర్తు చేస్తూ ఉంటుంది, నొప్పి కొంత తగ్గుతుంది. వేసుకోండి. మెలిక పడకుండా మాత్రం ఆపలేదు. బూటు అంచు కిందికి పోయేంత పొడుగుది వద్దు, ఒరుసుకుంటుంది. పక్కన కమ్మీలున్న బ్రేసు అయితే డాక్టరు చెప్పాలి.

(ఇంకొకరు: మా నాన్నగారికి మోకాలి మార్పిడి అయింది. ఆయన మళ్ళీ వెళ్తానంటున్నారు.)

ఆపరేషన్‌కి ముందు బాగా వచ్చినవారేనా? అయితే సర్జన్‌ని అడిగి చూడండి, తేలికైన దారులకి ఒప్పుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్ళు మోకాలి మార్పిడి అయినవాళ్ళని 12 వారాలు బోధకుల వెంట స్కీయింగ్ చేయించి చూశారు, తొడ కండరం పుంజుకుంది. మళ్ళీ తొడే చూశారా. అమెరికా స్కీ క్రీడాకారిణి లిండ్సే వాన్ 2024లో ఒక మోకాలికి పాక్షిక మార్పిడి చేయించుకుని, 2025 మార్చిలో సన్ వ్యాలీ ప్రపంచ కప్ పోటీలో రెండో స్థానంలో నిలిచింది, 40 ఏళ్ళ వయసులో. ఆ పేరు మీ నాన్నగారి దగ్గర ఎత్తకండి. (నవ్వులు) అప్పటిదాకా ఎప్పుడూ చేయనివారైతే మార్పిడి అయ్యాక మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు.

(మరొకరు: అందరం కలిసి వెళ్తాం కదండీ. నేనొక్కదాన్నే మధ్యాహ్నానికే దిగిపోతే వాళ్ళ సరదా పాడు చేసినట్టు ఉండదూ?)

అందరినీ మంచాన పడేసేది ఈ ప్రశ్నేనండీ. నన్నూ ఆ రోజు కొండ మీద నిలబెట్టింది ఇదే, మా వాళ్ళందరూ ‘ఒక్కసారే కదా’ అన్నారు. ముందు రోజు రాత్రే చెప్పేయండి, ‘ఒంటిగంటకి నేను దిగిపోతాను’ అని. కొండ మీద అప్పటికప్పుడు చెబితే బతిమాలతారు. కొన్ని చెయిర్‌లిఫ్టులు మనుషుల్ని కిందికి తీసుకురావు, కాబట్టి ఏది దింపుతుందో, ఎన్నింటిదాకా నడుస్తుందో పొద్దున ఎక్కేటప్పుడే అక్కడి పనివాళ్ళని అడిగి పెట్టుకోండి. కింద లిఫ్ట్ స్టేషన్ దగ్గర ఒక బెంచీ ఉంటుంది సాధారణంగా, ఎండ తగిలే వైపు. వచ్చే నెల నేనూ వెళ్తున్నాను, ఒంటిగంట దాటితే నన్ను అక్కడే వెతకండి.